రివ్యూలో రాయని వాక్యం

మార్చి 3, సోమవారం

ఇవాళ మీటింగులో గడ్డం (మా మేనేజరుకు నేను పెట్టుకున్న పేరు) నేను రాసిన మాడ్యూల్ తీసి మా తోటికోడలి చేతిలో పెట్టాడు.

"ఫైళ్లు పట్టుకుని దాచే భాగం మొత్తం తిరగరాయాలి. డిస్కులు నిండిపోతున్నాయని ముగ్గురు కస్టమర్లు గోల పెడుతున్నారు. నువ్వు చూడమ్మా," అన్నాడు ఆమెతో. తర్వాత నా వైపు తిరిగి, "మీరు పక్కనుండి గైడ్ చేయండి మేడమ్. రివ్యూ కూడా మీరే," అన్నాడు.

మీరు, మేడమ్. పదకొండేళ్ల కింద, ఆ గడ్డం నెరవక ముందు, నన్ను 'నువ్వు' అనేవాడు. గౌరవం పెరిగినకొద్దీ పని తగ్గుతుందని ఎక్కడా రాసి పెట్టలేదు గానీ జరిగేది మాత్రం అదే.

నాకేం బాధ లేదు. పదకొండేళ్ల నాటి కోడ్. ఎప్పటికైనా ఎవరో ఒకరు తిరగరాయాల్సిందే. ఆ ఎవరో ఒకరు మా ఇంటి పై వాటాలో కాపురం ఉండకపోతే బాగుండేది, అంతే.

ఆమెను ఇక్కడికి సిఫారసు చేసింది నేనే. "చిన్నది ఖాళీగా కూర్చుని కుమిలిపోతోంది, మీ ఆఫీసులో ఓ మాట వేయకూడదూ?" అని అత్తయ్య అడిగింది. వేశాను. నాలుగు నెలలయింది. మే మొదటి వారానికి ప్రొబేషన్ కూడా పూర్తవుతుంది.

మార్చి 4, మంగళవారం

నాకేం బాధ లేదు.

మార్చి 9, ఆదివారం

ఆదివారం మధ్యాహ్నం రెండు వాటాలవాళ్లమూ కిందే కలిసి తింటాం. ఇవాళ వడ్డనలు కాగానే అత్తయ్య అడిగింది, "ఏమే చిన్నదీ, ఆఫీసులో నీకేదో పెద్ద పని ఇచ్చారటగా?"

చిన్నది కంచం పక్కకు జరిపి మరీ మొదలుపెట్టింది.

"మా ఇంజన్ పని కాపలా అత్తయ్యా. ఎవరో మెయిల్లో ఒక ఫైల్ పంపిస్తారనుకోండి. అది వైర్లో ముక్కలు ముక్కలుగా వస్తుంది. మా ఇంజన్ ఆ ముక్కలన్నీ అతికించి, ఒక కాపీ తీసి దాచిపెడుతుంది. రేపు ఏదైనా దొంగతనం జరిగితే ఆ కాపీ చూసి దొంగెవడో చెప్పొచ్చు."

"బాగానే ఉందిగా. మరి గొడవేంటి?"

"ఇప్పుడేమో వచ్చిన వరసలో ఒకటి, రెండు, మూడు అని నంబర్లేసి దాస్తోంది. ఒకే ఫైల్ వెయ్యి మందికొస్తే వెయ్యి కాపీలు. డిస్క్ నిండదూ?"

'దాస్తోంది' అంది. 'అక్క అలా రాసింది' అనలేదు. మర్యాదే. ఆ మర్యాద కూడా గుచ్చుకుంది.

అత్తయ్య ముప్పై రెండేళ్లు లైబ్రరీలో పనిచేసింది. "వెయ్యి కాపీలెందుకే? మా దగ్గర ఒకే పుస్తకం వెయ్యిమంది చదివేవాళ్లు. పుస్తకం ఒకటే. రిజిస్టర్లో పేర్లు వెయ్యి," అంది.

"అదే అత్తయ్యా, అదే చేయబోతున్నా! ప్రతి ఫైల్‌కీ వేలిముద్ర లాంటి ఓ పొడుగాటి పేరు వస్తుంది, లోపలున్న సరుకుని బట్టి. సరుకు ఒకటైతే ముద్ర ఒకటే. ఆ ముద్రే పేరుగా పెట్టి ఒక్కసారి దాస్తాను. ఎప్పుడొచ్చింది, ఎవరికొచ్చింది అనేది పక్కన చిన్న చీటీలో."

"లక్షలకి లక్షలు ఒకే గదిలో పోస్తే వెతకడమెట్లా? మేమైతే మొదటి రెండక్షరాలు చూసి బీరువాల్లో సర్దేవాళ్లం."

చిన్నది కంచం ఇంకాస్త పక్కకు తోసింది. "అత్తయ్యా, మీరు రేపట్నించి ఆఫీసుకొచ్చేయండి!"

అందరూ నవ్వారు. మా ఆయన అందరికంటే గట్టిగా. మా అమ్మాయి చప్పట్లు కొట్టింది.

ఈ ఇంటికి వచ్చి పద్దెనిమిదేళ్లు. నా పని గురించి అత్తయ్య నన్ను ఇన్ని ప్రశ్నలు ఎప్పుడూ అడగలేదు.

అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట. నన్నయితే ఎవరూ కొట్టను కూడా లేదు.

మార్చి 10, సోమవారం

రెండక్షరాల బీరువాలు గడ్డానికి తెగ నచ్చాయి. వేలిముద్రలో మొదటి రెండక్షరాలను బట్టి రెండు వందల యాభై ఆరు ఫోల్డర్లు. "ఇది మా అత్తగారి ఐడియా సార్," అంది చిన్నది. మా అత్తగారు. నిజమే, ఆమెకూ అత్తగారే.

ఆరేళ్ల కింద నేనూ ఇదే ప్రతిపాదించాను. అప్పుడెవరూ పట్టించుకోలేదు.

తర్వాత: పాత మెయిళ్లన్నీ వెతికాను. నేను చెప్పింది వేరే.

మార్చి 13, గురువారం

మా అమ్మాయి లెక్కల పుస్తకం పట్టుకుని పై వాటాకు వెళ్తోంది. "నువ్వు విసుక్కుంటావమ్మా. పిన్ని విసుక్కోదు," అంది.

నేనెప్పుడూ విసుక్కోలేదు. విసుక్కోలేదని గట్టిగా అరిచి చెప్పాను.

మార్చి 17, సోమవారం

చిన్నది కోడ్ రివ్యూకు పంపింది. ప్రొజెక్టర్ పాడైన చిన్న మీటింగు గదిలో తలుపు వేసుకుని చదివాను. ఇప్పుడు ఇది రాస్తున్నదీ అక్కడే.

ఆరు వందల నలభై లైన్లు. నాది రెండు వేల పైచిలుకు. సగంలో ఆగిపోయిన ఫైళ్ల విషయంలో నేను పదకొండేళ్లుగా అతుకులు వేసుకుంటూ వస్తున్న చోట ఆమె చిన్న పట్టిక పెట్టి ముగించేసింది. ఫైల్ పూర్తిగా వచ్చేదాకా తాత్కాలికంగా ఓ మూల ఉంచి, పూర్తయ్యాక ముద్ర లెక్కగట్టి, అప్పుడు బీరువాలోకి మారుస్తుంది. సగం ఫైళ్లు బీరువాలోకే రావు. ఇంత తేలికని నాకెందుకు తట్టలేదు?

ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి. మా నాన్న ఈ మాట వాడేవాడు. ఎవరిని చూసి వాడేవాడో గుర్తు లేదు, నన్ను చూసి కాదు.

తప్పు కోసం చదివాను. దొరకలేదు.

మార్చి 18, మంగళవారం

దొరికింది.

మూడోసారి చదువుతుంటే దొరికింది. మండుటెండలో నడిచొచ్చి చల్లటి నీళ్లు తాగినట్టు ప్రాణం లేచొచ్చింది. ఈ మాట ఎవరితోనూ అనలేను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

రోజూ తెల్లవారుజామున క్లీనర్ ప్రోగ్రాం నడుస్తుంది. తేదీ చూసి, ముప్పై రోజులు నిండిన ఫైళ్లను తుడిచేస్తుంది. నా పద్ధతిలో ఫైల్ ఎన్నిసార్లు వస్తే అన్ని కాపీలు, ప్రతి కాపీకీ దాని తేదీ. ఆమె పద్ధతిలో ఫైల్ అప్పటికే ఉంటే ముట్టుకోకుండా వదిలేస్తోంది. దాని మీద మొదటిసారి వచ్చిన నాటి తేదీయే ఉండిపోతుంది. అంటే నిన్న మళ్లీ వచ్చిన ఫైల్‌ను కూడా, నెల కిందటిదని క్లీనర్ తుడిచేస్తుంది. చీటీలో మాత్రం 'నిన్న వచ్చింది, భద్రంగా ఉంది' అని ఉంటుంది.

ఒక్క లైను చాలు. ఫైల్ ఉంటే దాని తేదీని ఇవాళ్టికి మార్చడం.

కామెంట్ పెట్టెలో టైపు చేశాను: 'ఇక్కడ తేదీ మార్చాలి. లేకపోతే కొత్తగా వచ్చినదాన్ని కూడా క్లీనర్ తుడిచేస్తుంది.'

మీటింగు గది అద్దం తలుపులోంచి కాఫీ మెషీన్ కనిపిస్తుంది. అక్కడ చిన్నదీ గడ్డమూ ఏదో చెప్పుకుని నవ్వుతున్నారు. ఆయన కాఫీ ఒలకబోసుకునేంతగా నవ్వాడు.

టైపు చేసింది చెరిపేశాను. భోజనం చేసొచ్చి ఇంకా వివరంగా రాద్దామనుకున్నాను.

మార్చి 19, బుధవారం

'బాగుంది' అని రాసి ఒప్పుకున్నట్టు నొక్కాను. టెస్టింగ్ వాళ్లున్నారు. అన్నీ నేనే పట్టిస్తే ఇక వాళ్లెందుకు?

మార్చి 20, గురువారం

టెస్టింగ్ వారం రోజులు. ముప్పై రోజులు కాదు. వాళ్లకు ఇది దొరకదు.

ఇది నిన్న తెలియనట్టు ఇవాళ రాస్తున్నాను.

మార్చి 26, బుధవారం

ముగ్గురు కస్టమర్ల దగ్గర కొత్తది పెట్టారు. ఒకటి కొరియర్ కంపెనీ, ఒకటి కాలేజీ, ఒకటి ఆసుపత్రి. మొదటి రెండు వారాలు పాతదీ కొత్తదీ పక్కపక్కనే నడుస్తాయి. తర్వాత పాతది ఆపే పని నాది. సొంత చేత్తో.

ఏప్రిల్ 9, బుధవారం

పాతది ఆపాల్సిన రోజు. కొరియర్ వాళ్ల దగ్గర ఆపేశాను. కాలేజీలోనూ ఆపేశాను. డిస్క్ వాడకం తొంభై నుంచి ఇరవై రెండు శాతానికి పడిపోయింది. గడ్డం ఆ అంకెను పెద్దక్షరాల్లో ప్రింటు తీసి గోడకు అంటించాడు.

ఆసుపత్రి దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆడలేదు. నా మాడ్యూల్ మొట్టమొదట పెట్టింది అక్కడే. అప్పుడు మా అమ్మాయికి నాలుగేళ్లు. అత్తయ్య దగ్గర వదిలేసి మూడు రోజులు ఆసుపత్రి బేస్‌మెంట్‌లో, జనరేటర్ గది పక్కన కూర్చుని నడిపించాను.

పట్టికలో మూడింటికీ 'ఆపేశాం' అని టిక్కు పెట్టాను. రేపు ఆపుతాను.

ఏప్రిల్ 10, గురువారం

రేపు.

ఏప్రిల్ 16, బుధవారం

నెలవారీ మీటింగులో గడ్డం చిన్నదాన్ని లేపి నిలబెట్టి, "పని అంటే ఇట్లా ఉండాలి," అన్నాడు. చప్పట్లు కొట్టాను. నా పక్కన కూర్చున్న టెస్టింగ్ అమ్మాయి, "మీ కుటుంబమంతా బుర్రలేనా మేడమ్!" అంది. కుటుంబమంతా.

సాయంత్రం ఇంటికొచ్చే బస్సులో చిన్నది నా భుజం మీద తలవాల్చి నిద్రపోయింది. దిగాల్సిన స్టాపు వచ్చేదాకా కదలకుండా కూర్చున్నాను. ఏం చేయను, బరువుగా ఉన్నా మరి.

ఏప్రిల్ 28, సోమవారం

ఆసుపత్రి కంప్యూటర్లు మూతపడ్డాయి. ఎవరో ఉద్యోగి మెయిల్లో వచ్చిన ఫైల్ తెరిచాడు. తెరిచిన గంటలో అడ్మిషన్ల కౌంటర్, లేబ్, రెండు వార్డులు. ఎక్కడ చూసినా తాళం బొమ్మ. ఆ మెయిల్ కూడా చెరిగిపోయింది.

మా దగ్గరున్న కాపీ ఇస్తే అది ఎలా పనిచేస్తుందో, ఇంకా ఎవరెవరి దగ్గర పొంచి ఉందో తేలుతుంది. చిన్నది చీటీ తీసింది. మార్చి 28న మొదటిసారి వచ్చింది. ఏప్రిల్ 25, శుక్రవారం సాయంత్రం మళ్లీ వచ్చింది. 'భద్రంగా ఉంది.'

బీరువా తెరిస్తే లేదు. ఆదివారం తెల్లవారుజామున క్లీనర్ తుడిచేసింది. వేలిముద్ర ఉంది, మనిషి లేడు.

ఆసుపత్రిలో నెట్‌వర్క్ చూసే ఆయన ఫోన్లో ఉన్నాడు. పదకొండేళ్లుగా తెలిసిన గొంతు. "మేడమ్, కాన్పుల వార్డులో పిల్లల చేతి పట్టీల మీద తల్లి పేరు పెన్నుతో రాసుకుంటున్నారు. ఆపరేషన్లు ముప్పై ఒకటి ఆపేశారు. ఆ ఫైల్ మీ దగ్గర ఉండాలి కదండీ? అందుకే కదండీ మిమ్మల్ని పెట్టుకుంది?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నేను లేచి కిటికీ దగ్గరికి పోయాను. నన్నెవరూ చూడటం లేదు. అందరూ చిన్నదాన్ని చూస్తున్నారు.

నలభై నిమిషాల్లో తనే కనిపెట్టింది. లేచి నిలబడి చెప్పింది. "ఫైల్ ఇంతకు ముందే ఉంటే తేదీ మార్చడం మర్చిపోయాను సార్. అందుకే క్లీనర్ తీసేసింది. తప్పు నాదే."

వణక్కుండా చెప్పింది. తర్వాత మెట్ల దగ్గరికి వెళ్లి కూర్చుని ఏడ్చింది.

వెనకే వెళ్లాను. పక్కన కూర్చుని వీపు నిమిరాను.

"అక్కా, నువ్వు కూడా చదివావుగా. నీకూ కనపడలేదా?"

"కనపడలేదమ్మా."

"నీకే కనపడలేదంటే..." అని కళ్లు తుడుచుకుంది. ఆ మాటతో కొంచెం కుదుటపడింది. నా అబద్ధం పట్టుకుని కుదుటపడింది.

మధ్యాహ్నం మూడింటికి నాకు గుర్తొచ్చింది, ఆసుపత్రిలో పాతది ఇంకా నడుస్తోందని. లాగిన్ అయి చూస్తే ఉంది. శుక్రవారం నాటి కాపీ, నలభై ఎనిమిది వేల చిల్లర నంబరుతో, చెక్కుచెదరకుండా. పంపించాను. సాయంత్రానికల్లా ఆ ఫైల్ ఇంకా ఏడు మెయిల్ పెట్టెల్లో ఉందని పట్టుకుని తీసేశారు. లేబ్ తెరుచుకుంది.

ఏప్రిల్ 29, మంగళవారం

నిన్న మూడింటికి గుర్తొచ్చిందని రాశాను. పదకొండున్నరకే గుర్తొచ్చింది. చెప్తే, ఆపేశానని పట్టికలో ఎందుకు టిక్కు పెట్టావని అడుగుతారు. మూడున్నర గంటలు ఆ లెక్కలోనే ఉన్నాను.

ఏప్రిల్ 30, బుధవారం

ఎవరూ అడగలేదు. పైగా గడ్డం అందరినీ పిలిచి, "ఇదీ అనుభవం అంటే! ఆపమన్నా ఆపకుండా ఉంచారు. ముందుచూపు!" అన్నాడు. అందరూ లేచి నిలబడి చప్పట్లు. చిన్నది అందరికంటే ముందు లేచింది.

ఇలాంటి రోజు కోసం ఎన్నేళ్లుగా ఎదురుచూశానో నాకే తెలుసు. వచ్చాక ఇలా ఉంటుందని తెలియదు. ఎంగిలి కంచంలో వడ్డించినట్టుంది.

తర్వాత గదిలోకి పిలిచి తలుపు వేశాడు. "వచ్చే బుధవారంతో ఆ అమ్మాయి ప్రొబేషన్ అయిపోతుంది మేడమ్. పైవాళ్లు పంపించేయమంటున్నారు. మీ ఇంటి మనిషి అని నాకు తెలుసు. అయినా మీ మాటే ఖాయం. సోమవారానికల్లా రెండు ముక్కలు రాసివ్వండి."

మే 2, శుక్రవారం

మరిది కిందికొచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"వదినా, తను సరిగా తినట్లేదు. ఆ కోడ్‌నే ముందేసుకుని కూర్చుంటోంది. నువ్వొకసారి వచ్చి చెప్పవా? నీ మాటంటే తనకి గురి."

"వస్తాలే," అన్నాను.

వెళ్లలేదు.

మే 4, ఆదివారం

భోజనాలకు వాళ్లు కిందికి రాలేదు. గిన్నెలు సర్దుతూ ఉండబట్టలేక అత్తయ్యను అడిగేశాను.

"అత్తయ్యా, చిన్నదాన్ని దాని పని గురించి అన్ని అడుగుతారు. నన్నెప్పుడూ అడగలేదేం?"

ఆవిడ తుడుస్తున్న గిన్నె కింద పెట్టింది. "అడగకేం. నువ్వు ఆ ఆసుపత్రికి మూడు రోజులు వెళ్లొచ్చినప్పుడు అడిగాను. 'మీకర్థం కాదులెండి' అన్నావు. ఇంకోసారి, నీకేదో బహుమతి ఇచ్చినప్పుడు అడిగాను. అప్పుడూ అదే మాట. మూడోసారి అడగడానికి నాకూ కాస్త మొహమాటం ఉంటుందిగా."

నాకు ఒక్కటి కూడా గుర్తు లేదు. ఆవిడకు రెండూ గుర్తున్నాయి.

"ఏమైందే? పాలిపోయినట్టున్నావు," అంది.

అప్పుడు చెప్పాను. తేదీ లైను, చెరిపేసిన వాక్యం, మెట్ల మీద అబద్ధం, మూడున్నర గంటలు. ఆవిడకు అర్థమవుతుందా లేదా అని ఆలోచించకుండా మొదటిసారి నా పని గురించి చెప్పింది ఇదే. అంతా అర్థమైంది.

కింద పెట్టిన గిన్నె మళ్లీ తీసుకుని తుడిచింది. చివరికి, "నాకెందుకు చెప్పావు? చెప్పాల్సింది నాకు కాదుగా," అంది. తిట్టినా బాగుండేది.

మే 5, సోమవారం

పొద్దున బస్సెక్కలేదు. పై వాటా మెట్ల దగ్గర నిలబడ్డాను. చిన్నది భుజానికి బ్యాగు తగిలించుకుని దిగుతోంది.

"ఆగు. ఒక మాట చెప్పాలి."

"ప్రొబేషన్ సంగతా అక్కా? నాకు తెలుసులే. నువ్వేం ఇబ్బంది పడకు, సార్ ఏదంటే అది రాసెయ్యి."

"అది కాదు. ఆ తేదీ లైను... రివ్యూలోనే నాకు కనపడింది. మార్చి పద్దెనిమిదిన. కామెంట్ రాసి చెరిపేశాను."

నవ్వబోయింది. నేనేదో ఓదార్చడానికి అబద్ధం చెబుతున్నాననుకున్నట్టుంది. తర్వాత నా మొహం చూసింది.

"ఎందుకు?"

"నువ్వు నాకంటే బాగా రాశావని."

బ్యాగు తీసి మెట్టు మీద పెట్టింది. మళ్లీ తగిలించుకుంది. "కోడ్ తప్పు నాదే. రాసింది నేను. దాని గురించి నేనేం అనను. కానీ ఆ రోజు మెట్ల మీద నేను ఏడుస్తుంటే... నా వీపు నిమిరారు మీరు. నిమురుతూ చెప్పారు, కనపడలేదని."

మీరు.

"పిల్లల పట్టీల మీద పెన్నుతో పేర్లు రాస్తున్నారని ఆయన చెప్తుంటే, నేను చచ్చిపోతే బాగుండనిపించింది. మీరు కిటికీ దగ్గర నిలబడ్డారు. ఏం చూస్తున్నారక్కడ?"

పాత కాపీ సంగతి కూడా చెప్పాను, పదకొండున్నర అని. అప్పటికే ఆమె వినడం మానేసింది. నన్ను దాటుకుని దిగి వెళ్లిపోయింది.

ఆఫీసులో గడ్డానికి రెండు ముక్కలకు బదులు రెండు పేజీలు ఇచ్చాను. చదివి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"మీరు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు."

"తెలుసు."

"మూడున్నర గంటలు, మేడమ్."

"తెలుసండీ."

"ఉద్యోగం పోవచ్చు మీది."

దానికీ 'తెలుసు' అనాలనుకున్నాను. తల మాత్రం ఊపాను.

మే 7, బుధవారం

చిన్నదాన్ని పర్మనెంట్ చేశారు. మాడ్యూల్ ఆమెదే. నన్ను తీసెయ్యలేదు. రివ్యూ చేసే అధికారం తీసేశారు, లీడ్ హోదా పోయింది. ఆసుపత్రికి జరిగింది జరిగినట్టు ఉత్తరం రాశారు, నా తప్పుతో సహా. నెట్‌వర్క్ చూసే ఆయనకు ఫోన్ చేశాను. ఎత్తలేదు.

గోడ మీది అంకె కూడా తీసేశారు.

తేదీ సరిచేసే పని నాకే ఇచ్చాడు గడ్డం. "మీరే రాయండి. ఆమె రివ్యూ చేస్తుంది," అన్నాడు. శిక్షగా అన్నాడో, మామూలుగానే అన్నాడో మొహం చూస్తే తెలియలేదు. 'మీరు' అనడం మాత్రం మానలేదు.

మే 11, ఆదివారం

ఇంట్లో అందరికీ తెలిసింది. మా ఆయన, "నాతో ఒక్క మాటైనా అనలేదేం?" అన్నారు. ఆయనకు బాధ అది. మరిది వదినా అని పిలుస్తున్నాడు గానీ కళ్లలోకి చూడటం లేదు.

రెండు వాటాల్లో రెండు వంటలు. అత్తయ్య పైకి వెళ్లి తినొచ్చింది. మా అమ్మాయి లెక్కల పుస్తకం పట్టుకుని వెళ్తూ గుమ్మంలో ఆగి, "వెళ్లొచ్చా?" అని అడిగింది. ఎప్పుడూ అలా అడగలేదు.

"వెళ్లు. పిన్ని బాగా చెప్తుంది," అన్నాను.

మే 16, శుక్రవారం

పొద్దున పదింటికి నా మార్పు పంపాను. నలభై లైన్లు. వారమంతా కూర్చుని, పదిసార్లు చూసుకుని పంపాను. ఇందులో వంక పెట్టడం ఎవరి తరమూ కాదనుకున్నాను.

ఆమె తెరిచినట్టు పదీ పదికి చూపించింది. పదీ పావుకు కామెంట్ వచ్చింది.

'ఫైల్ ఉందో లేదో చూడటానికీ, దాని తేదీ మార్చడానికీ మధ్య క్లీనర్ వచ్చి తుడిచేస్తే? తేదీ మార్చడం కుదరకపోతే ఊరుకోకూడదు, ఫైల్‌ను మళ్లీ రాయాలి. లేకపోతే అదే తప్పు ఇంకో దారిలో వస్తుంది.'

రెండుసార్లు చదివాను. నిజం. నాకు తట్టలేదు. ఆమె రాయకపోతే టెస్టింగ్‌లోనూ దొరికేది కాదు, ఏ ఏడాదికో ఒకసారి జరిగేది. జరిగిన రోజు నా పేరే బయటికొచ్చేది. ఒప్పుకున్నానని నొక్కి ఊరుకుంటే సరిపోయేది ఆమెకు. నా మీద పగ తీర్చుకోవడానికి వేలు కూడా కదపక్కర్లేదు.

ఐదు నిమిషాలు పట్టింది ఆమెకు, చూడటానికీ రాయడానికీ కలిపి.

అసూయ పోయిందని రాద్దామని కూర్చున్నాను. పోలేదు. అంత తొందరగా ఎలా కనిపెట్టిందా అని కుళ్లు. కనిపెట్టీ ఊరుకోకుండా ఎలా ఉండగలిగిందా అని అంతకు పదిరెట్లు కుళ్లు.

సరిచేసే చోట ఒక దగ్గర ఆగిపోయాను. మళ్లీ రాయాలంటే ఆ ఫైల్ ముక్కలు అప్పటికింకా తాత్కాలిక మూలలో ఉండాలి. ఉంటాయా, లేదా? ఆ భాగం నాది కాదు, ఆమెది. మామూలుగా అయితే సాయంత్రం దాకా తంటాలు పడి నేనే కనుక్కునేదాన్ని గానీ అడిగేదాన్ని కాదు.

లేచి ఆమె బల్ల దగ్గరికి వెళ్లాను.

"తాత్కాలిక కాపీని ఎప్పుడు తీసేస్తావు నువ్వు? నాకర్థం కాలేదు."

తల తిప్పలేదు. కీబోర్డు మీద చేతులు మాత్రం ఆగాయి. కాసేపటికి తెర మీద ఆ చోటు తెరిచింది.

"ఇక్కడ," అంది.

పక్క బల్ల దగ్గరి కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆమె కూర్చోమనలేదు. లెమ్మని కూడా అనలేదు.